స్పానిష్‌లో "ఒక్కడినే ఉన్నాను", "ఒక్కదాన్నే ఉన్నాను": సోలో, సోలా, సోలోస్, సోలాస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్పానిష్ మొదలుపెట్టి నెల తిరక్కుండానే ఈ మాట అవసరం పడుతుంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను, ఒక్కడినే వచ్చాను, అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది, పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు... ఇవి రోజూ అనుకునే మాటలే కదా. శని, ఆదివారాల్లో నేను ఆన్‌లైన్‌లో స్పానిష్ చెబుతుంటాను, నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మనవాళ్ళే, ఈ ఒక్క మాట మీద వచ్చినన్ని ప్రశ్నలు భూతకాలం మీద కూడా రాలేదు. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను.

స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలోనే రాశాను. మన హ్రస్వం, దీర్ఘం తేడా స్పానిష్‌లో లేదు, కాబట్టి సోలో అని కనిపించినా సాగదీసి పలకొద్దు, మొదటి అక్షరం మీద కాస్త ఒత్తు పెడితే చాలు. అలాగే వాళ్ళు "వ"ని కూడా "బ" లాగే పలుకుతారు, బీబో, బీనో అని రాయడం అందుకే.

అసలు ఎన్ని రూపాలున్నాయి?

నాలుగు. మగవాడు ఒక్కడైతే సోలో, ఆడమనిషి ఒక్కతే అయితే సోలా, మగవాళ్ళు గానీ ఆడా మగా కలిసి గానీ ఉంటే సోలోస్, అందరూ ఆడవాళ్ళే అయితే సోలాస్. అబ్బాయి "ఎస్తోయ్ సోలో" అంటాడు, అమ్మాయి "ఎస్తోయ్ సోలా" అంటుంది. క్రియ ఇద్దరికీ ఒకటే, ఎస్తోయ్. ఆడో మగో చెప్పే పని మొత్తం ఆ చివరి అచ్చు మీదే పడుతుంది, అందుకే అది తప్పితే వినేవాళ్ళ చెవికి వెంటనే తగులుతుంది.

తెలుగులో విశేషణం మారదు కదా, మరి మాకు ఇది ఎప్పటికి అలవాటు కావాలి?

ఈ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మనవాళ్ళు తమకి తెలిసిన విషయాన్ని తెలియదనుకుంటున్నారు.

నిజమే, మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు అంటాం, "మంచి" మారదు. కానీ అదే మాటని వాక్యం చివరికి తెచ్చి చూడండి. వాడు మంచివాడు, అది మంచిది, వాళ్ళు మంచివాళ్ళు. ఇప్పుడు మారింది కదా. ఇక ఒంటరితనం దగ్గరికొస్తే మన భాష స్పానిష్ కంటే ఎక్కువే మారుతుంది: వాడు ఒక్కడే, ఆమె ఒక్కతే, ఆవిడ ఒక్కరే, కుర్చీ ఒక్కటే, నేను ఒక్కడినే, నేను ఒక్కదాన్నే, నువ్వు ఒక్కడివే, నువ్వు ఒక్కదానివే, పిల్లలు ఒక్కళ్ళే. స్పానిష్‌లో ఉన్నవి నాలుగు, ఇక్కడ ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి. మూడేళ్ళ పిల్ల కూడా "నేనొక్కడినే" అనదు, "నేనొక్కదాన్నే" అంటుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

మరి తప్పెక్కడ వస్తోంది? మనం స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నాం. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, యాప్ ఇంగ్లీషులో ఉంటుంది, "అలోన్ అంటే సోలో" అని రాసుకుంటాం. అలోన్‌కి ఆడా లేదు మగా లేదు, ఒకరా ఇద్దరా అన్నదీ లేదు. ఆ మాట మధ్యలో అడ్డం పడ్డాక, "ఒక్కదాన్నే" అని హాయిగా చెప్పగల మనిషి కూడా "ఎస్తోయ్ సోలో" అనేస్తుంది. నేను చెప్పే చిట్కా ఒక్కటే. స్పానిష్ వాక్యం చెప్పేముందు మనసులో తెలుగులో అనుకోండి. ఒక్కడినే అని వచ్చిందా, సోలో. ఒక్కదాన్నే అని వచ్చిందా, సోలా. మధ్యలో అలోన్‌ని రానివ్వకండి.

చిన్న అక్షరమే కదా, తప్పైతే మాత్రం అర్థం కాదా?

చాలాసార్లు అర్థమవుతుంది. అన్నిసార్లూ కాదు. డాలస్‌లో ఉండే నా స్టూడెంట్ ఒకావిడ, పక్కింట్లో ఉండే మెక్సికో పెద్దావిడకి మెసేజ్ పెట్టింది: "ఓయ్ ఎస్తోయ్ సోలో ఎన్ కాసా." ఇవాళ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను, వీలైతే రండి అనే ఉద్దేశంతో పెట్టింది. రాసింది ఆడమనిషి అని తెలుసు కాబట్టి ఆ పెద్దావిడ ఆ సోలోని "ఒంటరిగా" అని చదవలేదు, "మాత్రమే" అని చదివింది. ఇవాళ ఇంటి దగ్గరే, ఎక్కడికీ వెళ్ళను, అంతే అన్నట్టు. సరే అని జవాబిచ్చి ఊరుకుంది. మా స్టూడెంట్ సాయంత్రం దాకా టీ పెట్టుకుని ఎదురుచూసింది. సోలా అని రాసి ఉంటే ఆ రెండో అర్థానికి చోటే లేదు.

ఎవరిని బట్టి మార్చాలి, మాట్లాడే మనిషినా, వినే మనిషినా?

ఒంటరిగా ఉన్నది ఎవరో వాళ్ళని బట్టి. కర్త ఒంటరి అయితే కర్తని బట్టి: మి ఎర్మానా బీబె సోలా, అంటే మా అక్క (లేదా చెల్లి, స్పానిష్‌లో ఇద్దరికీ ఒకే మాట) ఒక్కతే ఉంటుంది. కర్మ ఒంటరి అయితే కర్మని బట్టి: లా దెహారోన్ సోలా, ఆమెని ఒంటరిగా వదిలేశారు. వదిలేసిన వాళ్ళు పదిమంది మగాళ్ళయినా సరే, మిగిలిపోయింది ఆమె కాబట్టి సోలా. దెహే సోలాస్ ఆ లాస్ నీన్యాస్, ఆడపిల్లల్ని ఒంటరిగా వదిలి వచ్చాను. చెప్పేది తండ్రి అయినా సోలాసే.

"తె దెహో" అంటే నిన్ను వదిలి వెళ్తున్నాను అని. ఈ "తె"లో ఆడా మగా తేడా లేదు. అందుకే భర్త భార్యతో "తె దెహో సోలా" అంటాడు, భార్య భర్తతో "తె దెహో సోలో" అంటుంది. తన లింగం పెట్టేయడం ఇక్కడ చాలామంది చేసే తప్పు.

పెద్దవాళ్ళ గురించి చెప్పేటప్పుడు బహువచనం వాడాలా?

వద్దు. ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళ తప్పు. అమ్మమ్మ ఇంట్లో ఒక్కరే ఉన్నారు అంటాం, క్రియ బహువచనం, మర్యాద కోసం. ఆ అలవాటుతో "మి అబువెలా ఎస్తాన్ సోలాస్" అని రాసినవాళ్ళని చూశాను. స్పానిష్‌లో మనిషి ఒకరైతే ఏకవచనమే: మి అబువెలా ఎస్తా సోలా. మర్యాద చూపించాల్సింది "ఉస్తెద్" అనే మాటతో, అంటే మన "మీరు"తో. అది మర్యాద మాటే అయినా వాక్యం ఏకవచనంలోనే నడుస్తుంది. ఎదురుగా ఉన్న పెద్దావిడని "మీరొక్కరే వచ్చారా?" అని అడగాలంటే "బీనో ఉస్తెద్ సోలా?" అనాలి. పెద్దాయన అయితే "బీనో ఉస్తెద్ సోలో?" మనకి ఆయనకీ ఆవిడకీ "ఒక్కరే" సరిపోతుంది, స్పానిష్‌లో మర్యాదలో కూడా ఆడా మగా తేడా పోదు.

ఇద్దరుంటే ఒంటరి ఎలా అవుతారు? సోలోస్ అంటే వింతగా ఉంది.

తోడుగా పెద్దవాళ్ళు లేకుండా అనో, వేరే ఎవరూ లేకుండా అనో అనుకోండి. "పిల్లలు ఒక్కళ్ళే ఉన్నారు ఇంట్లో, త్వరగా రండి" అని మనం అనమూ? పిల్లలు ముగ్గురున్నా అంటాం. అదే ఇది: లోస్ నీన్యోస్ ఎస్తాన్ సోలోస్. ఇద్దరు ఆడపిల్లలైతే లాస్ నీన్యాస్ ఎస్తాన్ సోలాస్.

బహువచనంలో మాత్రం మనకి కొత్త విషయం ఒకటుంది. తెలుగులో వాళ్ళు వచ్చారు అంటే ఆడవాళ్ళో మగవాళ్ళో తెలియదు. స్పానిష్‌లో తెలిసిపోతుంది. గుంపులో అందరూ ఆడవాళ్ళయితేనే సోలాస్. తొమ్మిదిమంది ఆడవాళ్ళు, ఒక్క మగవాడు ఉన్నా వ్యాకరణం ప్రకారం సోలోస్ అయిపోతుంది. ఇది న్యాయమా అని క్లాసులో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, స్పానిష్ దేశాల్లోనూ దీని మీద గట్టిగానే వాదించుకుంటారు. పరీక్షలో మాత్రం సోలోస్ రాయాలి.

హెంతె, పరెహా, పెర్సోనా లాంటి మాటలొస్తే?

మాటకి ఉన్న లింగాన్ని చూడాలి, మనిషిని కాదు. లా హెంతె అంటే జనం, అది స్త్రీలింగ ఏకవచనం, కాబట్టి లా హెంతె ఎస్తా సోలా. లా పరెహా అంటే జంట. ఉన్నది ఇద్దరు, అందులో ఒకడు మగవాడు, అయినా లా పరెహా సె కెదో సోలా. మి పాద్రె ఎస్ ఊనా పెర్సోనా సోలితారియా, మా నాన్న ఒంటరిగా ఉండటానికి ఇష్టపడే మనిషి. నాన్న మగవాడే, కానీ విశేషణం పెర్సోనాని అంటిపెట్టుకుంది, అందుకే సోలితారియా. పెర్సోనాని తీసేస్తే మళ్ళీ మి పాద్రె ఎస్ సోలితారియో.

కొన్నిచోట్ల అమ్మాయి కూడా సోలో అంటోంది. అది తప్పా?

తప్పు కాదు, అది వేరే సోలో. "మాత్రమే" అనే అర్థంలో వచ్చేది క్రియా విశేషణం, అది ఎవరి కోసమూ మారదు. పరీక్షించడం తేలిక. దాని చోట "సోలమెంతె" ("మాత్రమే" అనే ఒక్క అర్థమే ఉన్న మాట) పెట్టి చూడండి, వాక్యం నిలబడితే అది మారని సోలో.

ఈ జతలు కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకోమని చెబుతుంటాను:

సోలో దోస్ ముహేరెస్: ఇద్దరే ఇద్దరు ఆడవాళ్ళు.
దోస్ ముహేరెస్ సోలాస్: తోడు లేని ఇద్దరు ఆడవాళ్ళు.

సోలో ఎయా బీనో: ఆమె మాత్రమే వచ్చింది, మిగతావాళ్ళు రాలేదు.
ఎయా బీనో సోలా: ఆమె తోడెవరూ లేకుండా వచ్చింది.

రెండో జత దగ్గర మన తెలుగే మనల్ని కొంచెం తికమక పెడుతుంది. "ఆమె ఒక్కతే వచ్చింది" అంటే ఈ రెండు అర్థాలూ వస్తాయి కదా. పెళ్ళికి పిలిచిన అయిదుగురిలో ఆమె ఒక్కతే వచ్చింది అన్నప్పుడు సోలో ఎయా. మొగుణ్ణి ఇంట్లో వదిలి ఆమె ఒక్కతే వచ్చింది అన్నప్పుడు ఎయా సోలా. పైన నేను చెప్పిన "ఒక్కదాన్నే" చిట్కా పనిచేయని చోటు ఇదే. ఇక్కడ "మాత్రమే" అనా, "ఒంటరిగా" అనా అని ఇంకో అడుగు ఆగి చూసుకోవాలి.

ఆ సోలో మీద గీత పెట్టాలా వద్దా?

పాత పుస్తకాల్లో "మాత్రమే" అర్థంలో వచ్చే సోలోకి మొదటి "ఓ" మీద ఏటవాలు గీత కనిపిస్తుంది. 1713లో పుట్టిన స్పానిష్ రాయల్ అకాడమీ ఈ గీత గురించి చాలాకాలంగా మల్లగుల్లాలు పడుతోంది. 1959 నాటి నియమాల్లోనే అర్థం రెండు రకాలుగా వచ్చేచోట మాత్రమే గీత అన్నారు. 2010లో వచ్చిన వర్ణక్రమ గ్రంథంలో అసలు గీతే అక్కర్లేదు, వదిలేయవచ్చు అన్నారు. రచయితలు చాలామంది ఒప్పుకోలేదు. 2023 మార్చిలో అకాడమీ మళ్ళీ స్పష్టం చేసింది: తికమక లేని చోట గీత పెట్టకూడదు, తికమక ఉందని రాసేవాళ్ళకి అనిపించిన చోట పెట్టుకోవచ్చు.

తికమక ఎలా ఉంటుందంటే, ఒక మగవాడు "త్రబాహో సోలో లోస్ దొమింగోస్" అని రాశాడనుకోండి. ఆదివారాలు మాత్రమే పనిచేస్తానని కావచ్చు, ఆదివారాలు ఒంటరిగా పనిచేస్తానని కావచ్చు. అదే ఆడమనిషికి ఈ సమస్యే రాదు. ఒంటరిగా అయితే త్రబాహో సోలా అంటుంది, మాత్రమే అయితే త్రబాహో సోలో అంటుంది. ఇన్నేళ్ళ గొడవంతా పుంలింగ ఏకవచనం ఒక్కదానిదే అన్నమాట, నాకు ఇది ఎప్పుడు చెప్పినా ముచ్చటగానే ఉంటుంది. విశేషణంగా వచ్చే నాలుగు రూపాల్లో దేనికీ గీత ఉండదు.

నామవాచకానికి ముందు పెడితే అర్థం మారుతుందా?

మారుతుంది, మనకి తెలిసినట్టే మారుతుంది. ఉన్ సోలో ఓంబ్రె అంటే ఒక్క మనిషి, ఉన్ ఓంబ్రె సోలో అంటే ఒంటరి మనిషి. "ఒక్క", "ఒంటరి" రెండూ మనకి ఒకటి నుంచే వచ్చాయి, వాళ్ళు ఒకే మాటని అటూ ఇటూ జరిపి ఆ తేడా తెస్తారు. ఎక్కడ పెట్టినా లింగం మాత్రం కలవాలి: ఊనా సోలా బేస్, ఒక్కసారి. నీ ఊనా సోలా పలాబ్రా, ఒక్క మాటైనా లేదు.

సెర్ వాడాలా, ఎస్తార్ వాడాలా?

రెండూ "ఉండటం" చెప్పే క్రియలే, పైన చూసిన ఎస్తోయ్, ఎస్తా, ఎస్తాన్ అన్నీ ఎస్తార్ రూపాలే. ఒంటరిగా ఉన్నాను అనే స్థితికి ఎస్తార్. ఒంటరితనం మనసుకి అనిపిస్తే సెంతీర్సె: మె సియెంతో సోలా. ఈ రెండూ ఒకటి కావు, ఎస్తోయ్ సోలా అన్న మనిషి హాయిగా ఉండి ఉండవచ్చు. స్వభావం అయితే సెర్, కానీ అప్పుడు మాట కూడా మారి సోలితారియో, సోలితారియా అవుతుంది.

"ఆ సోలాస్" అని విన్నాను (ఇక్కడ "ఆ" కూడా స్పానిష్ మాటే). అది ఆడవాళ్ళకేనా?

కాదు. అది గడ్డకట్టుకుపోయిన పదబంధం, ఏకాంతంగా అని అర్థం, ఎవరికైనా అదే. కియెరో అబ్లార్ కొంతీగో ఆ సోలాస్, నీతో విడిగా మాట్లాడాలి. ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకున్నా ఆ సోలాసే, ఆ సోలోస్ అనేది లేదు.

వస్తువులకి కూడా వాడతారా?

వాడతారు. స్పెయిన్‌లో కఫే సోలో అంటే పాలు కలపని కాఫీ. రెండు కావాలంటే దోస్ కఫేస్ సోలోస్, హోటల్ కౌంటర్ దగ్గర అంత కూడా అనరు, దోస్ సోలోస్ అంటారు. మన "ఒట్టి" లాంటి వాడుక ఇది, ఒట్టి అన్నం, ఒట్టి పాలు. పాలు స్పానిష్‌లో స్త్రీలింగం కాబట్టి లేచె సోలా. నీళ్ళ దగ్గర జాగ్రత్త: ఎల్ ఆగ్వా అంటారు, ముందు పుంలింగం "ఎల్" కనిపిస్తుంది, కానీ ఆగ్వా స్త్రీలింగమే, మొదట్లో ఒత్తు పలికే "ఆ" ఉన్నందుకే ఆ "ఎల్". కాబట్టి ఎల్ ఆగ్వా సోలా.

దానంతట అదే అనడానికీ ఇదే మాట. లా పువెర్తా సె సెర్రో సోలా, తలుపు దానంతట అదే మూసుకుంది. ఎల్ కోచె సె పరో సోలో, కారు దానంతట అదే ఆగిపోయింది. మనుషుల విషయంలో అయితే ఎవరి సాయమూ లేకుండా, ఒంటిచేత్తో అనే అర్థం కూడా వస్తుంది: లో ఇసె యో సోలా, నేనొక్కదాన్నే చేశాను. చిన్నపిల్లలు తమంతట తాము అన్నం తింటేనో చెప్పులు వేసుకుంటేనో అమ్మలు మురిసిపోతూ సొలీతో, సొలీతా అంటారు, ఇందులోనూ లింగం తప్పదు.

ఒంటరితనానికి చెందిన మిగతా మాటలన్నీ ఇలాగే మారతాయా?

"ఓ"తో అయ్యేవన్నీ నాలుగు రూపాల్లో మారతాయి: సొల్తేరో, సొల్తేరా (పెళ్ళికానివాళ్ళు), బియూదో, బియూదా (భార్య లేదా భర్త పోయినవాళ్ళు), ఊనికో, ఊనికా (ఈహా ఊనికా అంటే ఒక్కతే కూతురు). "ఎ"తో అయ్యేవి వచనానికే మారతాయి: ఇందెపెందియెంతె ఆడకీ మగకీ ఒకటే, ఎక్కువమంది అయితే ఇందెపెందియెంతెస్. త్రిస్తె కూడా అంతే. సొలిస్తా, అంటే సోలో గాయకులు, చివర "ఆ" ఉన్నా అబ్బాయికీ అదే మాట.

"సోలె" అనే రూపం కూడా చూశాను, అదేంటి?

ఆడా మగా అన్న రెండింటిలో ఇమడని వాళ్ళ కోసం కొందరు "ఎ" చివర పెట్టి వాడుతున్న రూపం. అకాడమీ దాన్ని ఒప్పుకోలేదు, పరీక్షల్లో రాయకండి. ఎదుటి మనిషి తన గురించి అలా చెప్పుకుంటే మాత్రం వాళ్ళతో మాట్లాడేటప్పుడు అలాగే అనడం మర్యాద అని నా అభిప్రాయం.

మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కలిపి చెప్పాలంటే సోలో చాలు కదా, ఊరేగింపుల్లో "నో ఎస్తాస్ సోలా" అనే ఎందుకు రాస్తారు?

స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ ఆడవాళ్ళ మీద హింసకి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చినప్పుడు అట్టల మీద కనిపించే మాట ఇది. నువ్వు ఒంటరివి కాదు అని. ఎవరికి చెబుతున్నారో ఎక్కడా రాయరు, అమ్మాయి అని గానీ అక్క అని గానీ ఉండదు, ఎస్తాస్ అన్న క్రియలో కూడా లేదు. అట్ట మీద ఉన్న ఆ ఒక్క "ఆ" చెబుతుంది, చదివే ఆడమనిషికి అది తన కోసమే అని. తెలుగులో రాయాల్సి వస్తే మనమూ "నువ్వు ఒక్కదానివే కాదు" అనే రాస్తాం.